బఠాణీ చేను మీదుగా ఒక నీలి పెట్ట

జూన్ 11, మంగళవారం

వాన. నిన్నా వానే. మొన్న పొద్దున గంటసేపు తెరిపిచ్చింది. ఆ గంటలో ఎనిడ్ దుప్పట్లు ఉతికి ఆరేసింది. అవి మళ్ళీ తడిశాయి. దానికీ నేనే కారణమన్నట్టు నా వైపు ఒక చూపు చూసింది.

స్నీత్ గారు ఫోన్ చేశారు. పెద్ద కాలువ అవతల ఆయనకి ముప్ఫై ఎకరాల బఠాణీ చేను ఉంది. ఇంకో మూడు వారాల్లో ఫ్యాక్టరీ వాళ్ళ యంత్రం వచ్చి కోసుకుపోవాలి. ఈలోగా అడవి పావురాలు కోసుకుపోతున్నాయి. "రేపట్నించి తుపాకీ పట్టుకుని కూర్చుంటావా క్లెమ్?" అన్నారు. కూర్చోక ఏం చేస్తాను? మురుగునీటి పంపుల దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంట్లో ఉంటే ఎనిడ్ కాళ్ళకి అడ్డం.

ఈ పుస్తకం పంపుల దగ్గర నీటిమట్టం రాసుకునేది. రిటైరైన రోజున ఖాళీవి రెండు సంచిలో వేసుకొచ్చాను. దొంగతనం అనేవాళ్ళు అనుకోవచ్చు. పిట్టల లెక్క రాసుకోవడానికి గళ్ళు బాగా కుదిరాయి.

జూన్ 12, బుధవారం

ముప్ఫై ఒకటి. గాలి నైరుతి. తూటాలు యాభై రెండు. మధ్యాహ్నం నుంచి తుంపర.

జూన్ 14, శుక్రవారం

పద్దెనిమిదే. పిట్టల తప్పు కాదు, నా తప్పూ కాదు, వాన తప్పు. కొట్టిన పావురాలనే చేలో గాలికి ఎదురుగా కూర్చోబెట్టి, మెడ వాలకుండా గడ్డం కింద పుల్ల గుచ్చి దీమం పెడతాం. పైన ఎగిరేవి చూసి, మనవాళ్ళు తింటున్నారనుకుని దిగాలి. వాన పడితే దీమాలు తడిసి నల్ల గుడ్డపీలికల్లా అయిపోతాయి. వాటిని చూసి ఏ పిట్టా మోసపోదు. అరగంటకోసారి మాటులోంచి లేచి, వాటిని దులిపి, మళ్ళీ కూర్చోబెట్టడమే సరిపోయింది. మోకాళ్ళు అరిచాయి.

జూన్ 16, ఆదివారం

ఎప్పటిలాగే రెజ్ భోజనానికి వచ్చాడు. ఎనిడ్ అన్నగారు. చక్కెరదుంపల లారీ నడిపేవాడు. నిరుడు ఫిబ్రవరిలో భార్య వీరా పోయింది. అప్పటినుంచి ఆదివారం మా ఇంట్లో తింటాడు, మిగతా ఆరు రోజులూ తింటున్నాడో లేదో తెలియదు. ఊరికి ఆ చివర ఇల్లు. తోట చివర పందెం పావురాల గూడు. వీరా ఉన్నప్పుడు ఆ గూడు మా వంటింటి కంటే శుభ్రంగా ఉండేది. ఈ మాట ఎనిడ్ ముందు అనకూడదు.

కూర్చుంటూనే మొదలుపెట్టాడు. "ఏం బావా, ఈ వారం ఎన్ని ప్రాణాలు తీశావ్?"

"నలభై తొమ్మిది. కాస్త మాంసం నీ కంచంలో కూడా ఉంది, తిను."

"తింటాలే. కానీ ఒకటి గుర్తు పెట్టుకో. ఉత్తరం నించి వచ్చే నా పిట్టల దారి సరిగ్గా ఆ స్నీత్ చేను మీదే."

"నలభై ఏళ్ళలో ఒక్క పందెం పిట్టని కొట్టానా నేను? అడవి పావురానికి మెడ మీద తెల్ల మచ్చ, రెక్క మీద తెల్ల పట్టీ. నీ నీలి పిట్టలకి రెక్క మీద రెండు నల్ల గీతలు. గుడ్డివాడికైనా తెలుస్తుంది."

"గుడ్డివాడికి తెలుస్తుంది. నీ సంగతే నా అనుమానం."

"ఇద్దరూ ముందు బంగాళాదుంపలు తినండి, చల్లారిపోతున్నాయి," అంది ఎనిడ్.

ఈసారి లెర్విక్ పందేనికి ఒక్క నీలి పెట్టనే పంపుతున్నానన్నాడు. లెర్విక్ అంటే పైన షెట్లాండ్ దీవుల్లో. ఇంటికి ఐదు వందల మైళ్ళు, అందులో చాలా భాగం సముద్రం. ఆ పెట్టని తల్లి వదిలేస్తే వీరాయే పెంచింది. నానబెట్టిన బఠాణీలు వేళ్ళతో దాని నోట్లో పెట్టేది. అప్పటికే మంచం మీద ఉంది. దుప్పటి మీద ఒక చిన్న అట్టపెట్టె, అందులో ఆ పిల్ల. నేను చూశాను.

"మిగతావి ఎందుకు పంపట్లేదు?" అని అడిగాను.

"మిగతావి పావురాలు. ఇది మనిషి," అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు.

జూన్ 19, బుధవారం

ఇరవై రెండు. సాయంత్రం రెజ్ పెట్టని బుట్టలో పెట్టుకుని క్లబ్బుకి వెళ్తూ దారిలో మా గుమ్మం దగ్గర ఆగాడు. లోపలికి రమ్మంటే రాలేదు. పెట్టకి చలిగాలి తగులుతుందట. క్లబ్బులో దాని కాలికి పందెం రబ్బరు ఉంగరం వేస్తారు. శనివారం తెల్లవారుజామున అక్కడ వదిలితే అది ఇంటికి రావాలి, రెజ్ ఆ ఉంగరం తీసి పందెం గడియారంలో వెయ్యాలి. అప్పుడే లెక్క.

బుట్ట సందులోంచి నా వైపు ఒక కన్నుతో చూసింది. ఎరుపు, నారింజ కలిసిన కన్ను. నాకు పందెం పిట్టల మీద మోజు లేదు. అయినా చక్కటి పిట్ట.

జూన్ 20, గురువారం

పదకొండు.

స్నీత్ గారు స్వయంగా మాటు దగ్గరికి వచ్చారు. బూట్లకి బురద అంటితే మనిషికి కోపం వస్తుంది. అది ఎదుటివాడి మీద చూపిస్తారు. చేను తూర్పు మూల పిట్టలు తినేసి తెల్లగా బోడిచేశాయి. నేను కూర్చున్నది పడమర మూల.

"నువ్వు పెద్దవాడివి అవుతున్నావు క్లెమ్," అన్నారు. "తప్పేం లేదు, అందరం అవుతాం. స్పాల్డింగ్ నించి ఇద్దరు అడుగుతున్నారు. వాళ్ళు రోజుకి వంద కొడతారట."

"వంద కొడతామని ఎవరైనా అంటారు."

"శనివారం దాకా చూద్దాం."

ఈ చేల మీద పంతొమ్మిదేళ్ళ నుంచి కూర్చుంటున్నాను. ఆయన నాన్న ఉన్నప్పటినుంచి. శనివారం దాకా చూస్తాడట. రాత్రి భోజనం సయించలేదు. ఎనిడ్ అడిగితే పళ్ళ నొప్పి అన్నాను. నాకున్నవి కట్టుడు పళ్ళు.

జూన్ 22, శనివారం

~~ఇరవై ఏడు~~ ఇరవై ఆరు. గాలి నైరుతి, బలంగా. వాన ఉదయం నుంచి ఆగి ఆగి.

మాటు తూర్పు మూలకి మార్చాను. పొద్దున బాగానే పడ్డాయి. మధ్యాహ్నం నుంచి వాన జోరెక్కింది. పిట్టలు పోప్లార్ చెట్లలో ముడుచుకు కూర్చున్నాయి. ఆరింటికి కాస్త తగ్గాక మళ్ళీ కదిలాయి. అప్పుడు తప్పడం మొదలైంది. ఒకటి తప్పింది, రెండు, మూడు. వరసగా తొమ్మిది. తొమ్మిది తప్పడం నా జన్మలో లేదు. స్నీత్ గారి జీపు అవతల గట్టు మీద ఆగి ఉంది. అద్దాలు ఎత్తి ఉన్నాయి. ఆయన చూస్తున్నాడో లేదో తెలియదు. చూస్తున్నాడనే అనుకున్నాను.

అప్పుడు ఉత్తరం నుంచి ఒంటరిది ఒకటి వచ్చింది. వానలో అన్నీ ఒకే రంగు. ముఖం మీద నీళ్ళు. దీమాల వైపు దిగింది. అడవి పావురం ఎలా దిగుతుందో అలాగే దిగింది. కాల్చాను. పడింది.

ఏడూ అయిదు. గడియారం ఎందుకు చూశానో తెలియదు.

చేలోకి వెళ్ళి ఎత్తేదాకా నాకు తెలియదు. రెక్క మీద రెండు నల్ల గీతలు. కాలికి రబ్బరు ఉంగరం. రెండో కాలికి రేకు ఉంగరం. దాని అంకె చదవలేదు. చదవక్కర్లేదు. కన్ను ఇంకా ఆ రంగులోనే ఉంది.

కాలువ గట్టు మీద పార లేక చేతులతోనే తవ్వి పూడ్చాను. ఉంగరాలతో సహా. పైన గడ్డి పెళ్ళ కప్పాను. స్నీత్ గారి జీపు అప్పటికే వెళ్ళిపోయింది.

ఇంటికొస్తే ఎనిడ్ అంది, "రెజ్ తోటలో గొడుగేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. టీ ఇచ్చొచ్చా. చీకటి పడేదాకా లేవడట."

గోళ్ళలో మట్టి చాలాసేపు కడిగాను.

జూన్ 23, ఆదివారం

రెజ్ భోజనానికి రాలేదు. గూడు వదిలి రాడు.

నిన్న క్లబ్బులో ఎవ్వరికీ పిట్ట చేరలేదట. అంత ఎదురుగాలి. మొదటిది ఈ రోజు పొద్దున ఆరూ పదికి, హోల్బీచ్‌లో ఒకాయనకి. ఎనిడ్ చెబుతుంటే నాకేం సంబంధం లేనట్టు పేపర్ చదివాను. అది నిన్నటి పేపరు.

నిన్న ఎవ్వరికీ చేరలేదు. ఒక్కరికి కూడా.

జూన్ 24, సోమవారం

వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. రెజ్ అదే కుర్చీలో ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. ఒళ్ళో గింజల డబ్బా. ఆకాశంలో ఏ కాకి కదిలినా డబ్బా ఆడించి ఈల వేస్తున్నాడు. నేను ఇంకో కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. తుంపర పడుతోంది.

"డేగ ఎత్తుకుపోయి ఉంటుంది బావా," అన్నాను. "లేకపోతే ఏ కరెంటు తీగకో తగిలి ఉంటుంది."

"తగిలితే తగలనీ. దారిలో చచ్చినా సరే, అది ఇంటికి వస్తూ చచ్చినట్టు. నా భయం అది కాదు."

"మరేంటి?"

"దిగిపోయి ఉంటుందని. ఏ యార్క్‌షైర్‌లోనో కోళ్ళ దొడ్లో దిగి గింజలేరుకు తింటూ ఉంటుందని." డబ్బా మూత పెట్టాడు. "ఇంటికి రావాల్సిన పిట్ట పరాయి చేలో దిగిందంటే దాంట్లో ఏం లేనట్టే బావా. వీరా దాన్ని చేత్తో పెంచింది. అలాంటిది దిగిపోయిందంటే, ఇంక నేను దేన్ని నమ్మాలి?"

నేను వాన గురించి ఏదో అన్నాను. అతను మళ్ళీ మూత తీశాడు.

ఇద్దరం రెండు గంటలు ఆకాశం చూశాం. ఇద్దరిలో ఎక్కువగా చూసింది ఎవరని అడిగితే చెప్పలేను. ఒకసారి ఉత్తరం నుంచి నీలిది ఒకటి వస్తే నా గుండె లేచింది. ఒక్క క్షణం నేనే మర్చిపోయాను. అది వేరెవరిదో పిట్ట.

జూన్ 25, మంగళవారం

దీమాల వైపే దిగింది. రెక్కలు ముడిచి దిగింది. పందెం పిట్ట అలసిపోతే అలాగే చేస్తుంది, అందరికీ తెలిసిందే. దిగిన పిట్టని ఏ తుపాకీవాడైనా కాలుస్తాడు.

జూన్ 26, బుధవారం

వెళ్ళలేదు. స్నీత్ గారికి జ్వరమని చెప్పించాను. ఎనిడ్ నా నుదురు పట్టుకు చూసింది.

ఇప్పుడు చెబితే ఏం లాభం? పోయింది రాదు. చెబితే అతను ఇంకా కుంగిపోతాడు. అతనికున్నది మేమిద్దరమే. నా మొహం కూడా చూడకపోతే ఆదివారం ఎక్కడ తింటాడు? చెప్పకపోవడమే మంచిది. అతని మంచి కోసమే.

జూన్ 27, గురువారం

అరవై మూడు. తూటాలు డెబ్భై. ఇలాంటి రోజు నాకు పదేళ్ళుగా లేదు.

శనివారం కంటే పెద్ద వాన. టోపీ అంచు నుంచి ధార కట్టి ముక్కు ముందు నుంచి పడుతోంది. మాటులో నా బూట్లు నీళ్ళలో ఉన్నాయి. అయినా ప్రతి పిట్టకీ కాల్చేముందు మెడ చూశాను. మెడ మీద తెలుపు కనబడకపోతే తుపాకీ ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాను. అరవై మూడింటికీ చూశాను. అరవై మూడింటికీ కనబడింది. అరవై గజాల్లో, వానలో, స్పష్టంగా.

స్నీత్ గారు సంచులు లెక్కపెట్టి, "స్పాల్డింగ్ వాళ్ళకి అక్కర్లేదని చెప్పేస్తా," అన్నారు. సరే అన్నాను. పంతొమ్మిదేళ్ళ చేను నిలబడింది. నాకు అందులో ఒక్క పిసరు సంతోషం కలగలేదు.

కనబడింది. అది రాయకుండా ఉండాల్సింది.

జూన్ 28, శుక్రవారం

రెజ్ వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"గూడు తీసేస్తున్నా. ఆదివారం పదకొండింటికి ఈ పక్కనే బోస్టన్ నించి ఒకాయన వస్తాడు. పిల్లల్ని ఇచ్చేస్తా. పెద్దవాటిని ఎవ్వరూ తీసుకోరు. ఇంకో గూట్లో ఉండవు. వాటి పని నేనే చూస్తా."

వాటి పని అంటే మెడ తిప్పెయ్యడం. పందెం మనుషులు అలాగే చేస్తారు. వదిలేస్తే మళ్ళీ కూలిన గూటి దగ్గరికే వస్తాయి.

ఎనిడ్ చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "వీరా పిట్టలురా అవి."

"వీరా పిట్టలే. అందులో మంచిదని పంపింది దిగిపోయింది. మిగతావాటి సంగతి చెప్పేదేముంది? రక్తంలోనే లేదు. నేనే పదేళ్ళు గుడ్డివాడిలా నమ్మాను. ఆ స్థలంలో ఉల్లిపాయలు వేస్తా."

అతను వెళ్ళాక ఎనిడ్ ఏడ్చింది. నేను పెరట్లోకి వెళ్ళి తుపాకీ తుడిచాను. నిన్ననే తుడిచాను, అయినా తుడిచాను. నా మీద నాకు ఇంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

జూన్ 29, శనివారం

ఎనిడ్‌కి చెప్పాను.

గిన్నెలు తోముతోంది. వీపు నా వైపు ఉంది. వీపుకి చెప్పడం తేలిక. "రెజ్ పెట్టని నేనే కొట్టాను," అన్నాను. గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎప్పుడు?"

"ఆ శనివారమే. ఇంటికొస్తుంటే. వాన. దీమాల వైపు దిగింది. తెలియలేదు."

నీళ్ళలోంచి చేతులు తియ్యకుండా, తిరగకుండానే అంది, "వాడికి చెప్పు."

"చెబుదామనే అనుకుంటున్నా."

"వారం రోజులుగా అనుకుంటున్నావు. రేపు పదకొండింటికి ఆ మనిషి వచ్చేలోపు చెప్పు." అప్పుడు తిరిగింది. "నిజంగా దిగిందా క్లెమ్?"

"దిగిందనే నాకు గుర్తు."

"నేను రెజ్ చెల్లెల్ని. మా నాన్నా పిట్టలవాడే. చేలో దిగిందని నువ్వు చెబితే, దాన్ని రెండోసారి చంపినట్టే వాడికి. రేపు మెడలు తిప్పడానికి వాడికి ఇంకో కారణం చేతికిచ్చినట్టే. దిగిందా, దిగలేదా, బాగా గుర్తు తెచ్చుకుని వెళ్ళు."

గుర్తు తెచ్చుకుంటున్నాను. దిగింది అంటే తప్పు పిట్టది. పరాయి దీమాలకి దిగిన పిట్ట, కాల్చినవాడిది తప్పేముంది? దిగలేదు అంటే తప్పు నాది. మొత్తం నాది. ఇంత చిన్న సంగతి ఒప్పుకోవడానికి ఇన్ని పేజీలు అయ్యాయి.

జూన్ 30, ఆదివారం

పదింటికి వెళ్ళాను. పిల్లలు నాలుగు బుట్టల్లో గూడు ముందు సర్ది ఉన్నాయి. బుట్టల మీద గోనెపట్టా కప్పాడు, తుంపరకి తడవకుండా. ఇచ్చేసేవాటిని కూడా తడవనివ్వడు. రెజ్ లోపల ఉన్నాడు. చేతిలో ఒక ముసలి మగది ఉంది. దాని మెడ మీద బొటనవేలు ఉంది. ఊరికే నిమురుతున్నాడో, ఇంకేమైనానో నాకు తెలియలేదు.

"బావా, దాన్ని వదులు. ఒక మాట చెప్పాలి."

"చెప్పు, వింటున్నా."

"నీ పెట్టని నేను కొట్టాను."

అతను పిట్టని వదల్లేదు. అరిచినా బాగుండేది. "ఏ పెట్టని?" అన్నాడు.

"లెర్విక్ పెట్టని. స్నీత్ చేలో. ఆ శనివారం ఏడూ అయిదుకి."

"సాయంత్రమా?"

"సాయంత్రం."

"అదే రోజు?"

"అదే రోజు."

పెదవులు కదిలాయి. ఏం లెక్క వేస్తున్నాడో నాకు తెలుసు. మా ఊళ్ళో పిట్టలు లేనివాళ్ళకి కూడా ఆ లెక్క తెలుసు. ఆ చేను నుంచి ఈ గూటికి రెండు మైళ్ళు, మూడు నిమిషాలు. ఏడూ ఎనిమిదికి గూట్లో ఉండేది. ఆ రోజు చీకటి పడేదాకా క్లబ్బు మొత్తంలో ఎవ్వరికీ చేరలేదు. గొడుగు కింద ఈ మనిషి కూర్చుని ఉన్నాడు, గడియారం పక్కన పెట్టుకుని.

అతను ముసలి మగదాన్ని చెక్కపలక మీద పెట్టాడు. చేతులు లాగుకి తుడుచుకున్నాడు. అప్పుడు అడిగాడు.

"నీ దీమాలకి దిగిందా?"

గొంతు చాలా మెల్లగా ఉంది. అవునంటానని ఎదురుచూస్తున్న గొంతు. నా దగ్గర మాట సిద్ధంగానే ఉంది. ఎనిమిది రోజులు రాసి రాసి నున్నగా చేసుకున్నాను. నోటిదాకా వచ్చింది.

"లేదు," అన్నాను.

అతను తల ఎత్తాడు.

"దీమాల్ని చూడను కూడా లేదు బావా. కాలువ గట్టు వెంబడి వచ్చింది. ఎదురుగాలి కదా, గడ్డి మీద ఆనేంత కిందికి ఉంది. వాన కొడుతోంది. తల అటూ ఇటూ తిప్పలేదు. తిన్నగా మీ ఇంటివైపు. నా ముందు నుంచి అడ్డంగా పోతోంది. అడవి పావురం కాదని నాకు తెలిసింది. తుపాకీ భుజానికి ఆనేలోపే తెలిసింది. వరసగా తొమ్మిది తప్పాయి. స్నీత్ చూస్తున్నాడనుకున్నాను. ఇంకోటి తప్పకూడదనుకున్నాను. అంతే. వాన కాదు, కళ్ళు కాదు. తెలిసే కాల్చాను."

కొడతాడనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను. అతను గింజల పీపా మీద కూర్చున్నాడు. లోపల పిట్టలు గురుగురుమంటున్నాయి. పైన రేకు మీద వాన.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

"ఏది?"

"కాలువ గట్టు వెంబడి అన్నావే. అక్కణ్ణించి."

మళ్ళీ చెప్పాను. గట్టు, ఎదురుగాలి, గడ్డి మీద ఆనేంత కిందికి. అతను తల ఊపుతూ విన్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఐదు వందల మైళ్ళు ఎగిరొచ్చి ఇంకా తల తిప్పలేదా?"

"తిప్పలేదు."

"అలసిపోయినట్టు ఉందా?"

"లేదు బావా. పొద్దున్నే బయల్దేరినట్టు ఉంది."

లేచాడు. నా వైపు చూడకుండా అన్నాడు, "నీ మొహం చూడబుద్ధి కావట్లేదు. పో ఇక్కణ్ణించి."

గేటు దాకా వెళ్ళాను.

"క్లెమ్. పోయేముందు ఆ బుట్టలు విప్పు. పిల్లల్ని లోపలికి పోనీ."

నాలుగు బుట్టలూ విప్పాను. పిల్లలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ గూట్లోకి దూరాయి. బోస్టన్ ఆయనకి ఫోన్ కూడా నేనే చేశాను. ఇంట్లోంచి బయల్దేరిపోయాడని భార్య చెప్పింది. ఆయన వచ్చేదాకా రోడ్డు మీద నిలబడి, కారు ఆపి, వెనక్కి పంపాను. ఆయన నన్ను ఏదో అన్నాడు. అననీ.

జూలై 1, సోమవారం

పొద్దున స్నీత్ గారికి ఫోన్ చేసి స్పాల్డింగ్ వాళ్ళని పిలుచుకోమన్నాను. ఎందుకన్నారు. కళ్ళు బాలేవని చెప్పబోయి మానేశాను. "నేను ఈ ఏడు కూర్చోను," అన్నాను. "గురువారం అరవై మూడు కొట్టావు కదయ్యా," అన్నారు. అవునన్నాను. ఎనిడ్ పక్కనే నిలబడి వింది. ఫోన్ పెట్టేశాక నా చేతికి టీ ఇచ్చింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి అందులో చక్కెర సరిగ్గా ఉంది.

సాయంత్రం రెజ్ గుమ్మంలోకి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. "క్లబ్బుకి రా," అన్నాడు. అంతే. ముందు నడిచాడు, నేను వెనక.

పబ్బు వెనక గదిలో పదిమంది ఉంటారు. అందరూ చిన్నప్పటినుంచి తెలిసినవాళ్ళే. రెజ్ నన్ను మధ్యలో నిలబెట్టి, "చెప్పు," అన్నాడు. చెప్పాను. ఏదీ వదల్లేదు. తొమ్మిది తప్పడం, జీపు, తెలిసీ కాల్చడం. ఒకాయన తన కుర్చీ నాకు దూరంగా జరుపుకున్నాడు. నాకు తుపాకీ పట్టడం నేర్పినవాడి కొడుకు.

కార్యదర్శి, వాడ్లో అనే ఆయన, కళ్ళజోడు తీసి తుడిచాడు. "రెజ్, బాధగానే ఉంది. కానీ గడియారంలో ఉంగరం పడలేదు. పుస్తకంలో దాని గెలుపు ఎక్కించలేం."

"ఎక్కించమని ఎవడడిగాడు? వినమన్నాను," అన్నాడు రెజ్. "విన్నారుగా."

"విన్నాం," అన్నాడు వాడ్లో.

"ఎదురుగాలిలో, గడ్డి మీద ఆనుకుని," అన్నాడు మూల నుంచి ఒక ముసలాయన, తనలో తాను అన్నట్టు. మిగతావాళ్ళు తల ఊపారు. రెజ్ వాళ్ళందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. టోపీ పెట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కూడా ముందు అతను, వెనక నేను. అతని గేటు దగ్గర నేను ఆగాను. మళ్ళీ సన్నగా తుంపర మొదలైంది.

"ఈ ఆదివారం భోజనానికి రాను. ఎనిడ్‌కి చెప్పు," అన్నాడు.

"సరే."

"ఆ పై ఆదివారం సంగతి తర్వాత."

సరే అన్నాను. వెళ్ళబోయాను.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

వానలో నిలబడి చెప్పాను. గాలి నైరుతి. కాలువ గట్టు వెంబడి, ఉత్తరం నుంచి, ఒంటరిగా. గడ్డి మీద ఆనేంత కిందికి. దీమాలు దాని ఎడమ పక్కన ఉన్నాయి, చూడలేదు. పోప్లార్లు దాటింది, చేను మూలకి వచ్చింది, రెక్కలు ఆగకుండా కొడుతూ తిన్నగా ఇటే. అప్పుడు నేను...

రెజ్ చెయ్యెత్తాడు.

"అక్కడిదాకా చాలు," అన్నాడు.